పత్తాలు బోర్లా పెట్టేవాడి పక్షాన

పేకాట గురించి మనవాళ్ళు రాసేది రెండే రకాలు. కొంపలు ముంచే వ్యసనం అని ఒక పక్షం, తెలివితేటల ఆట, జూదం కాదు అని ఇంకో పక్షం. పత్తాలు పట్టుకున్న మనిషి చేసే అతి ముఖ్యమైన పనిని రెండు పక్షాలూ చూడవు. మా హుస్నాబాద్‌లో రమ్మీ ఆడేవాళ్ళు దాన్ని డ్రాప్ అంటారు. పోకర్‌లో ఫోల్డ్. ముక్కలు చూసి, బోర్లా పెట్టి, ఈ ఆట నాకొద్దు అనడం.

పోకర్‌లో ఈ లెక్క తేటగా కనపడుతుంది. బల్ల చుట్టూ తొమ్మిదిమంది. అందరికంటే ముందు తేల్చుకోవాల్సినవాడి వెనక ఎనిమిదిమంది ఉంటారు. ఒక్కొక్కరికి నిజంగా గట్టి చేయి పడే అవకాశం నూటికి ఐదు అనుకోండి. ఎనిమిదిమందిలో కనీసం ఒకరికి అది పడే అవకాశం 34 శాతం దాకా పోతుంది. (0.95ను ఎనిమిదిసార్లు హెచ్చవేసి ఒకటిలోంచి తీసేయండి. ఉద్యోగం అలవాటు, ఏమనుకోకండి.) అదే మనిషి డీలర్ బటన్ మీద ఉండి, ముందువాళ్ళంతా వదిలేస్తే, వెనక మిగిలేది ఇద్దరే. 10 శాతం లోపు. చేతిలో అవే ఏసు, జాకీ. కూర్చున్న చోటు మాత్రమే మారింది. అందుకే తెలిసినవాడు ముందు సీట్లో పదింట ఎనిమిది తొమ్మిది చేతులు పారేస్తాడు. ఆడితే పందెం పెంచే ఆడతాడు, ఊరికే వెంట పోడు.

దీన్ని మనం పిరికితనం అంటాం. పిలిస్తే కాదనకూడదన్న వ్రతంతో ధర్మరాజు పాచికల ముందు కూర్చుంటే, అందులో గొప్పతనం వెతికిన జాతి మనది. ఆ వ్రతమే అన్నిటికన్నా చెడ్డ ఆట అని నేనంటాను.

ఇక నైపుణ్యం వాదన. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన సత్యనారాయణ కేసు మన సికింద్రాబాద్ క్లబ్బుదే. 1968 నుంచీ అందరూ ఎత్తిచూపే వాక్యం ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం, ఉంచుకోవడం, పారేయడం గురించి. చేతినే పారేయడం ఆ వాక్యంలో లేదు. 2017లో తెలంగాణ ఆ మినహాయింపు తీసేసింది. 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అంతదాకా నైపుణ్యం, నైపుణ్యం అని ప్రకటనలు మోగించినవాళ్ళు ఎలా సంపాదించారు? పోకర్‌లో నిర్వాహకుడి వాటా కుండలోంచి వస్తుంది. ఫ్లాప్ పడకుండానే ఆట ముగిస్తే వాటా తీసుకోకపోవడం చాలాచోట్ల రివాజు. అంటే మీరు పారేస్తే వాళ్ళకు రూపాయి రాదు. మీరు ఏ నైపుణ్యం వాడకపోతే బతుకుతారో దాన్నే మీకు అంటగట్టారు.

అన్నీ పారేస్తూ కూర్చున్నా గెలవరు, నిజమే. బ్లైండ్స్ ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం తింటాయి. కానీ అది తెలిసిన ధర.

రమ్మీలోనూ అంతే. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో 40, మునిగితే 80. జోకర్ లేదు, సీక్వెన్స్ జాడ లేదు, అయినా పదమూడు ముక్కలు సర్దుకుంటూ ఆగిన మనిషిని చూసి పక్కనున్నవాళ్ళు "ఆడు తియ్, ఏం కాదు" అంటరు. ఆట అయ్యాక కౌంటు మాత్రం అతని పేరు కిందనే రాస్తరు.