కడుపులో బిడ్డది ఏ రాష్ట్రం?

నాకిప్పుడు ఏడో నెల, తొలిచూలు. 1956లో మా తాత శ్రీకాకుళం జిల్లా మాలపేట నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు పనికొచ్చాడు. నా భర్తదీ అలాంటి కుటుంబమే. "ఊరెళ్లి పురుడు పోసుకోమ్మా, బిడ్డకి కులం కాయితం సులువుగా వస్తాది" అంటోంది పెద్దమ్మ.

చట్టం పురిటి మంచాన్ని చూడదు, తండ్రి మూలాన్ని చూస్తుంది. 341వ అధికరణం ప్రకారం ఎస్సీ జాబితా రాష్ట్రానికొకటి. వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో అదే ఖాయం చేసింది. అంటే నా బిడ్డకు ఆంధ్ర మూలంతో కేంద్ర కొలువుల్లో రిజర్వేషన్ ఉంటుంది. పుట్టి పెరిగే బెంగాల్ రాష్ట్ర కొలువుల్లో ఉండదు.

2020లో బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషగా గుర్తించింది. సంతోషమే. కానీ ఇక్కడి తెలుగువాళ్లే "మీ ఇంటిపేరేంటి?" అని ఇప్పటికీ ఆరా తీస్తారు. కులం మాతోపాటు రైలెక్కి వచ్చింది, హక్కు మాత్రం సరిహద్దులో దిగిపోయింది.

స్థానిక దళితుల వాటా తగ్గకూడదన్న వాదన న్యాయమైనదే. అయితే మూడు తరాల కార్మికులు ఇంకా వలసదారులేనా? జాబితా సవరించే అధికారం పార్లమెంటుది. మమ్మల్ని లెక్కించి, అదనపు వాటాతో చేర్చాలని అడగాలి. నా బిడ్డ కాలేజీకి వెళ్లేలోపైనా.