వెలిగి ఆరిపోయే ఎర్ర దీపం



మన పల్లెలలో ఇప్పుడు చాలా ఇండ్లలో కారో, వ్యానో, కిరాయికి తిప్పుకొనే పాత బండో ఉంటున్నది. పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, సంతలకు దానినే నమ్ముకొని కుటుంబమంతా ఎక్కి పోతున్నాము. గనుక ఈ నెల బండి బ్రేకులను గురించి వ్రాయదలచాము. ఇది మేము పొరపాటుపడి నేర్చుకున్న సంగతి. దాచకుండా చెబితే నలుగురికి మేలు కలుగుతుందని మా తలంపు.

మా సంఘానికి ఎనిమిది మంది కూర్చునే పాత వ్యాను ఒకటి ఉన్నది. ఒక వేసవిలో దాని డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఒకటి అప్పుడప్పుడు వెలగసాగింది. గుండ్రటి గీత నడుమ ఆశ్చర్యార్థకపు గుర్తు ఉండే దీపం అది, బ్రేకుల హెచ్చరిక. రెండు క్షణాలు వెలిగి ఆరిపోయేది. వెంటనే బ్రేకు తొక్కి చూస్తే బాగానే పట్టేది. ఎడతెగక వెలిగే దీపాన్ని ఎవరైనా పట్టించుకుంటారు. వెలిగి ఆరిపోయేదానిని మాత్రం ఏదో వైరు లూజై ఉంటుందిలే అని వదిలేస్తాము. మేమూ అట్లే చేశాము.

ఒకరోజు బ్రేకు ఆయిలు ఉండే చిన్న గిన్నెను చూస్తే, ఆయిలు కింది గీత దగ్గరకు దిగి ఉన్నది. డబ్బా కొనితెచ్చి పై గీత దాకా పోశాము. దీపం రావడం మానింది. మెకానిక్కు అవసరం లేకుండా మేమే బాగుచేశామన్న సంతోషంలో ఆ సంగతే మరచిపోయాము. నెలన్నర తిరిగేసరికి దీపం మళ్లీ వచ్చింది.

ఈసారి దగ్గరలోని ఒక మెకానిక్కు కుర్రవానికి చూపించాము. "హ్యాండ్ బ్రేకు దగ్గర స్విచ్చి పాడై ఉంటుంది అయ్యగారూ. వైరు పీకేస్తాను, ఇక జన్మలో వెలగదు" అన్నాడు. డబ్బులు కూడా వద్దన్నాడు. మేము సరేననబోయాము. ఎందుకంటే ఆ శనివారమే పాడేరులో ఒక పెండ్లి. పెండ్లికూతురి నాయనమ్మ మొదలుకొని చంటిబిడ్డ వరకు ఎనిమిది మందిని వ్యానులో తీసుకొనిపోతామని మాట ఇచ్చి ఉన్నాము. మాడుగుల దాటిన తర్వాత పాడేరు వరకు ఘాటురోడ్డు అని ఆ ప్రాంతం వారికి తెలుసు. ఎక్కడం ఒక ఎత్తు, దిగి రావడం మరొక ఎత్తు.

మా సంఘ పెద్దలలో ఒకాయన బస్సు డిపోలో చాలా ఏండ్లు మెకానిక్కుగా చేసి రిటైరైనవారు. ఆయనతో మాటవరుసకు ఈ సంగతి చెప్పాము. ఆయన ముఖం మారిపోయింది. "వైరు పీకడానికి నిమిషం చాలు అయ్యగారూ. అది ఎందుకు వెలుగుతున్నదో తెలుసుకోకుండా పీకితే, రేపు నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు చెప్పేవారు ఉండరు. ముందు ఒక రెండు రోజులు అది ఎప్పుడెప్పుడు వెలుగుతున్నదో వ్రాసిపెట్టండి" అన్నారు.

మా సహధర్మిణి పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకొని వ్యాను ముందు సీటులో కూర్చున్నది. ఊరి చుట్టుపక్కల మెల్లగా తిరిగి వచ్చిన ఆ రెండు రోజులలో దీపం పదకొండుసార్లు వెలిగింది. ఎనిమిదిసార్లు ఎడమవైపు మలుపు తిరిగేటప్పుడు, మూడుసార్లు చెరువుగట్టు దిగుతూ బ్రేకు తొక్కినప్పుడు. గతుకుల రోడ్డు మీద ఒక్కసారి కూడా వెలగలేదు.

ఆ పుస్తకం చూసి పెద్దాయన చెప్పిన మాటలు మీకూ పనికివస్తాయి. ఈ ఎర్ర దీపం వెలగడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది హ్యాండ్ బ్రేకు. దాని కడ్డీ అడుగున చిన్న స్విచ్చి ఉంటుంది. కడ్డీ పూర్తిగా కిందికి దిగకపోయినా, స్విచ్చి కదిలిపోయినా దీపం వెలుగుతుంది. ఇటువంటిది గతుకులలో ఎక్కువగా కనిపిస్తుంది. దీపం వెలిగి ఉన్నప్పుడు కడ్డీని చేతితో కిందికి అదిమితే ఆరిపోతే లోపం అక్కడే. రెండవది వైర్ల లోపం. తుప్పు, తేమ, ఎలుకలు కొరకడం వంటివి. ఇది వానలోనో, కుదుపులోనో, వేళాపాళా లేకుండానో వస్తుంది. మూడవది బ్రేకు ఆయిలు తగ్గడం. గిన్నెలో ఆయిలు మీద తేలే బెండు వంటిది ఒకటి ఉంటుంది. ఆయిలు దిగితే అదీ దిగి స్విచ్చిని కలుపుతుంది. ఆయిలు కింది గీతకు కొంచెం పైన ఉన్నప్పుడు, బండి సమంగా నిలిచి ఉంటే దీపం రాదు. మలుపులోనో దిగుడులోనో ఆయిలు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ బెండు ఒక్క క్షణం కిందికి పోతుంది, దీపం వెలుగుతుంది. బండి సమమైతే ఆరిపోతుంది. మా నోటుపుస్తకం చెప్పింది సరిగ్గా ఇదే.

గిన్నె చూస్తే ఆయిలు మళ్లీ కింది గీత దగ్గరే ఉన్నది. అప్పుడాయన మమ్మును అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా చెవిలో ఉన్నది. "నెలన్నర కింద మీరు పోసిన ఆయిలు ఎక్కడికి పోయింది అయ్యగారూ?"

మా దగ్గర జవాబు లేదు. పెట్రోలు వలె బ్రేకు ఆయిలు కూడా కొంచెం కొంచెం ఖర్చవుతుందని మేము అనుకొని ఉంటిమి. అది ఖర్చయ్యే వస్తువు కాదు. మూతవేసిన గొట్టాలలో ఉండి, మన కాలి బలాన్ని చక్రాల దాకా మోసుకొనిపోవడమే దాని పని. అది తగ్గిందంటే రెండే దారులు. బ్రేకు ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిలు పోతుంది. ఇది నెలల తరబడి మెల్లగా జరిగేది. ఆయిలు పోయడం కాదు, అరిగిన ప్యాడ్లు మార్చడం దీనికి మందు. లేదా ఎక్కడో కారుతున్నది. నెలన్నరలో పై గీత నుండి కింది గీతకు దిగితే అది కారుడే అన్నారు.

శుక్రవారం ఉదయం వ్యానును సమమైన నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో లేపి కింద గట్టి స్టాండ్లు వేసి చూశారు. మూడు చక్రాల లోపలి పక్క పొడిగా ఉన్నది. వెనుక కుడి చక్రం లోపల టైరుకు తడి, దాని మీద దుమ్ము పేరుకొని ఉన్నది. డ్రమ్ము ఊడదీశారు. వీల్ సిలిండరు రబ్బరు తొడుగును స్క్రూడ్రైవరుతో కొద్దిగా ఎత్తగానే ఆయిలు బొటబొట కారింది. బ్రేకు షూలు రెండూ ఆయిలులో నానిపోయి ఉన్నవి. ఇన్నాళ్లు ఆ చక్రానికి బ్రేకు దాదాపు లేనట్టే.

మరి పెడలు ఎందుకు బాగానే ఉన్నట్టు తోచింది? బండ్లలో బ్రేకు ఆయిలు రెండు వేరు వేరు దారులలో పోతుంది. ఒక దారి తెగినా రెండవది కొంత ఆపుతుంది. మా వ్యానులో ఏ దారీ ఇంకా తెగలేదు, కారుతున్నదంతే. నేల సమంగా ఉన్న ఊళ్లో ఆ లోపం తెలియదు. ఎనిమిది మంది బరువుతో ఘాటు దిగేటప్పుడే తెలుస్తుంది.

కావలసిన సామాను సోమవారం గాని దొరకదన్నారు. పెండ్లివారికి కబురు చేశాము. వారు నొచ్చుకున్నారు. "ఇన్నాళ్లు నడిచిన బండి ఈ ఒక్క రోజు నడవదా అయ్యగారూ? కొంచెం ఆయిలు పోసుకొని మెల్లగా పోదాము" అన్నారు. ఆ మాట మాకు కొత్తది కాదు. నెలన్నర కింద మేము చేసింది అదే కదా! పోదామని చెప్పడం మాకు సులభంగానే ఉండేది. అయినా వ్యాను కదలదని చెప్పి, అందరమూ శనివారం తెల్లవారుజామున బస్సు ఎక్కాము. నాయనమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. పెండ్లి అరగంట ఆలస్యంగా మొదలైంది. అంతకు మించి నష్టమేమీ జరగలేదు.

సోమవారం సిలిండరు, షూలు కొత్తవి వేయించి, పాత ఆయిలంతా తీసివేసి, గొట్టాలలోని గాలి తీయించాము. తీసిన ఆయిలు టీ డికాషను రంగులో ఉన్నది. ఈ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. కొత్త డాట్ 4 రకం ఆయిలు 230 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ వేడికి మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తర్వాత అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 3 రకానికి ఇవి 205, 140 డిగ్రీలు. ఘాటు పొడుగునా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు, డిస్కులు విపరీతంగా వేడెక్కి ఆయిలు మరిగి ఆవిరి పుడుతుంది. అప్పుడు పెడలు నేల దాకా పోతుంది గాని బండి ఆగదు. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు అంటారు. ఆయిలును రెండేండ్లకొకసారి మార్పించడం మంచిది.

మరి కొన్ని జాగ్రత్తలు. మూత మీద ఏ రకం వ్రాసి ఉంటే అదే, సీలు తీయని డబ్బాలోనిదే పోయాలి. ఎప్పుడో తెరచి అటక మీద పెట్టిన డబ్బా పనికిరాదు. ఇంజను ఆయిలు ఒక్క చుక్క కూడా కలపరాదు, లోపలి రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. రంగు మీద బ్రేకు ఆయిలు పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకుంటే పెయింటు లేచిపోతుంది. తాళం తిప్పగానే ఈ ఎర్ర దీపం ఒకసారి వెలగాలి. అసలే వెలగకపోతే బల్బు పోయిందనో, ఎవరో వైరు పీకారనో అర్థం. పాత బండి కొనేవారు ఇది తప్పక చూసుకోవాలి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. దాని దీపం వేరు, పసుపు రంగులో ఉంటుంది. పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది, త్వరగా చూపించుకోవాలి. ఎర్రది వెలిగి పెడలు మెత్తగా దిగుతుంటే మాత్రం బండిని పక్కకు తీసి ఆపవలసిందే. ఇంటికి పోయి చూసుకుందామనుకోవద్దు.

ఆయిలు పోయడం తప్పని మా మాట కాదు. పోసిన తేదీ వ్రాసిపెట్టుకొని, అది ఎందుకు తగ్గిందో తెలుసుకొనేదాకా ఊరుకోవద్దని మాత్రమే. మేము పోసిన ఆ డబ్బా ఆయిలు లోపాన్ని బాగుచేయలేదు, నెలన్నరపాటు కప్పిపెట్టింది.

ప్రయాణానికి ముందు ప్రార్థన చేసుకొనడం మన ఇండ్లలో అలవాటు. మా వ్యానులో ఇప్పుడు దానికి ముందు మరొక అలవాటు చేరింది. నడిపేవారు దిగి ఆయిలు గిన్నె గీతను చూసి, చక్రాల లోపలి పక్క తడి ఉన్నదేమో చూస్తారు. మా సహధర్మిణి ఆ నోటుపుస్తకంలో తేదీ వేస్తుంది. రెండు నిమిషాల పని. ఈ పత్రిక చదివిన తర్వాత మీ ఇంటి బండిని కూడా ఒకసారి అట్లు చూడవలసినదిగా కోరుతున్నాము.