కిన్నెర మొగులయ్యది, చానెల్ ఎవరిది?

2024 మే మొదటి వారంలో ఒక చిన్న వీడియో తెలుగువాళ్ల ఫోన్లన్నీ తిరిగింది. హైదరాబాద్ పక్కన తుర్కయాంజాల్‌లో కట్టుబడి జరుగుతున్న చోట ఒక పెద్దమనిషి కూలి పని చేస్తున్నాడు. ఆయన దర్శనం మొగులయ్య. 12 మెట్ల కిన్నెర కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చిన మనిషి. సొంతూరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. ఆ దిక్కు నుంచి బతుకుదెరువుకు పట్నం వచ్చే జనం శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, కందుకూరు దాటుకునే వస్తారు.

వీడియో చూసి అందరూ అయ్యో అన్నారు. తర్వాత చర్చ పార్టీల మధ్యకు పోయింది. పోయిన ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు ఏమయ్యాయి, ఇస్తామన్న ఇంటి స్థలం సంగతేంటి, నెలకు 10,000 గౌరవ వేతనం ఎందుకు ఆగింది అని ఒకరినొకరు అడుక్కున్నారు. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు. కోట్ల మంది విన్న గొంతు, కోట్ల మంది చూసిన ముఖం ఆయనది. అంత గుర్తింపు ఉన్న మనిషికి ఆ గుర్తింపే ఎందుకు తిండి పెట్టలేకపోయింది?

సంగీతకారులు తమ రూపాన్నీ పేరునూ ఒక ముద్రగా మలచుకుని, సోషల్ మీడియా ద్వారా శ్రోతల దగ్గరికి పోవడం గురించి ఇప్పుడు చాలా పాఠాలు వినిపిస్తున్నాయి. 'నీ బ్రాండ్ నువ్వే కట్టుకో' అనేది వాటి సారాంశం. ఈ సలహా దళిత కళాకారుల దగ్గరికి వచ్చేసరికి సగమే నిజం అని మా వాదన. మన కళాకారులకు ముద్ర లేక కాదు. ఉన్న ముద్ర మీద పట్టా లేకపోవడమే అసలు సమస్య.

వంశం పాడే గొంతు, హీరో పాటకు

మొగులయ్యది డక్కలి కులం. డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగ వాడలకు పోయి వాళ్ల వంశ మూలాలు, జాంబ పురాణం చెప్పి, అక్కడ ఇచ్చింది తీసుకుని బతికినవాళ్లు. వెదురు, సొరకాయ బుర్రలు, మైనంతో చేసుకునే కిన్నెర ఆ బతుకులో భాగం. పండుగ సాయన్న లాంటి వీరుల కథలు ఆ కిన్నెర మీదనే ఇన్ని తరాలు నడిచి వచ్చాయి. 2025లో తెలంగాణ తెచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టం ప్రకారం డక్కలివాళ్లు మొదటి గ్రూపులో ఉన్నారు. అంటే ఎస్సీల్లోనే అందరికన్నా వెనక పడేయబడిన 15 కులాల్లో ఒకరు.

2021 సెప్టెంబర్ 2న, పవన్ కల్యాణ్ పుట్టినరోజు నాడు, 'భీమ్లా నాయక్' టైటిల్ పాట విడుదలైంది. సంగీతం తమన్, సాహిత్యం రామజోగయ్య శాస్త్రి. పాట మొదలయ్యేదే మొగులయ్య గొంతుతో, కిన్నెర మోతతో. ఆ కొన్ని వాక్యాలు చేసే పని ఏమిటో గమనించండి. హీరో ఎక్కడ పుట్టాడో, ఎవరి బిడ్డో చెప్తాయి. డక్కలి కళాకారుడు వాడలో తరతరాలుగా చేసిన పనే అది. వాడలో ఆ పని చేస్తే త్యాగం అని, కట్నం అని ఏదో ఒక హక్కు ఉండేది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ తరాల లెక్క ఉండేది. సినిమాలో ఆ లెక్క ఒక్కసారి ఇచ్చే పారితోషికంతో ముగుస్తుంది. మొగులయ్యకు హీరో తరఫున విడిగా 2 లక్షల రూపాయల సాయం కూడా అందింది. అయితే సాయం వేరు, వాటా వేరు.

ఆ పాటకు ఊరి వాసన, నేల బలం తెచ్చింది ఆయన రూపమే. తలపాగా, భుజాన కిన్నెర, ముదురు ముఖం. మార్కెటింగ్ చదివినవాళ్లు దీన్నే బ్రాండ్ విలువ అంటారు. ఆ విలువ సినిమాకు చేరింది.

ముద్ర మనకు కొత్త కాదు

బ్రాండింగ్ అనేది ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టిందని అనుకుంటే పొరపాటు. గద్దర్‌ను తలచుకోండి. గుమ్మడి విఠల్‌రావు అనే పేరు పక్కకు పోయి, పంజాబీల గదర్ పార్టీ పేరు ఆయన పేరైంది. గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. వేదిక మీద మనిషి కనపడకముందే నీడను చూసి గుర్తుపట్టే రూపం అది. జన నాట్య మండలి ఆ రూపాన్ని ఆలోచించి కట్టుకుంది. పాటల పుస్తకాలు, క్యాసెట్లు ఉద్యమం చేతుల మీదుగానే ఊళ్లకు చేరాయి. ఏ పాట ఎక్కడ పాడాలో, ఏ రూపం ఎవరి ముందు నిలబెట్టాలో నిర్ణయించే అధికారం పాడేవాళ్ల దగ్గర ఉంది.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా డప్పును అలాగే చేతికి తీసుకుంది. చావు దగ్గర, చాటింపు దగ్గర కొట్టించి తక్కువ చేసిన వాయిద్యాన్ని ఆత్మగౌరవ గుర్తుగా మార్చింది. ఒక సముదాయం తన ముద్రను తానే రాసుకోవడం అంటే ఇది.

గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సినిమా పురస్కారాలు ఆయన పేరు మీద ఉన్నాయి. 2025 జూన్‌లో మొదటిసారి ప్రదానం చేశారు. గౌరవమే, కాదనం. కానీ రాజ్యాన్ని నిలదీసిన పేరు రాజ్యం వేదిక మీద సినిమా తారల చేతికి జ్ఞాపికగా చేరుతున్నప్పుడు ఆ పేరుకున్న అర్థం కొంచెం కొంచెంగా మారుతుంది. ముద్రను కట్టుకోవడం ఎంత పనో, కాపాడుకోవడం అంతకన్నా పెద్ద పని.

సొంత చానెల్ ఉంటే ఏం మారుతుంది

మంగ్లీ ప్రయాణం ఇక్కడ పనికొచ్చే పాఠం. అనంతపురం జిల్లా లంబాడి కుటుంబం నుంచి వచ్చిన సత్యవతి, వీ6 చానెల్‌లో 'మాటకారి మంగ్లీ' అయింది. ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత మైక్ టీవీలో పండుగ పాటలు, ఆ తర్వాత సొంత యూట్యూబ్ చానెల్. బతుకమ్మ, బోనాలు, శివరాత్రి, సంక్రాంతి అంటూ పండుగ పండుగకూ పాట. లంబాడి వేషం దాచుకోలేదు, దాన్నే తన గుర్తు చేసుకుంది. సినిమా పాటలు వచ్చాక కూడా చానెల్ ఆపలేదు.

ఇందులో ప్రతిభతో పాటు మూడు ఆస్తులు ఉన్నాయి. ఒకటి పేరు, రెండు రూపం, మూడు చానెల్. మొగులయ్యకు మొదటి రెండూ మంగ్లీకి తక్కువ కాకుండా ఉన్నాయి. లేనిది మూడోది.

చానెల్ ఎందుకంత ముఖ్యమో లెక్క చూద్దాం. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు ఉండాలి. ఆ గీత దాటాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానెల్ యజమానికి పోతుంది. గమనించండి, పాడినవాళ్లకు కాదు, చానెల్ యజమానికి. పాడినవాళ్ల పేరు కింద వివరణలో ఉండొచ్చు, లేకపోవచ్చు. పైగా కంపెనీ దగ్గర రికార్డింగ్ హక్కు ఉంటే, అదే పాటను కళాకారుడు తన పేజీలో పెట్టుకున్నా కంటెంట్ ఐడీ అనే యంత్రం పట్టేస్తుంది. ఆ ఆదాయం కంపెనీ ఖాతాకు మళ్లుతుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది.

పట్టా లేని సాగు

కందుకూరు మండలం వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట భూముల మీద ఒకప్పుడు ఫార్మా సిటీ అన్నారు, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. పేరు మారింది. కానీ తరాలుగా దున్నుకున్న అసైన్డ్ భూమికి పరిహారం దగ్గర ఒక లెక్క, పట్టా భూమికి ఇంకో లెక్క ఉంటుందని ఇక్కడి దళిత వాడలకు అనుభవంతో తెలుసు. చెమట నీదే, కాగితం నీది కాదు అంటే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పాట విషయంలో జరుగుతున్నదీ అదే. జానపదానికి కర్త పేరు ఉండదు కాబట్టి అది అందరిదీ అంటారు. అందరిదీ అన్నదాన్ని ముందుగా రికార్డు చేసి, ముందుగా ఎక్కించినవాడిది అవుతుంది. ఊళ్లో అవ్వ పాడిన పాట మీద హక్కు ఎవరిదో తేలదు గానీ, ఆ పాట రికార్డింగ్ మీద హక్కు మాత్రం తేలిపోతుంది.

చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, ప్రదర్శకులకు కూడా రాయల్టీ హక్కు ఉందని చెప్పింది. సినిమాలో తన ప్రదర్శన వాడుకోవడానికి కళాకారుడు రాతపూర్వకంగా ఒప్పుకున్నా, దాన్ని వాణిజ్యానికి వాడినప్పుడు రాయల్టీ అడగొచ్చు. గాయకుల తరఫున ఈ రాయల్టీ కోసం పనిచేసే సంఘం కూడా 2013 నుంచి ఉంది. కానీ ఈ హక్కు సభ్యత్వం ఉన్నవాళ్లకు, పత్రాలు చదవగలిగినవాళ్లకు, లాయరును పెట్టుకోగలిగినవాళ్లకు మాత్రమే చేతికందుతుంది. వేలిముద్రతోనో, నోటిమాటతోనో స్టూడియోలో పాడి వచ్చినవాళ్లకు చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

చదువుకున్న, సోషల్ మీడియా తెలిసిన దళిత కళాకారులకు కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. 2021 మార్చిలో వచ్చిన తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' ప్రపంచమంతా మోగింది. పాట రాసి, ధీతో కలిసి పాడింది అరివు. భూమి లేని తన అవ్వ తాతల బతుకు నుంచి పుట్టిన పాట అది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. దర్శకుడు పా.రంజిత్ బయటికి వచ్చి అడిగాకే పత్రిక అరివుతో ఇంకో డిజిటల్ ముఖచిత్రం వేసింది. పాటలో ఉన్న మనిషి బొమ్మలో లేకుండా పోవడం ఎంత సులువో దీన్ని బట్టి తెలుస్తుంది. అడిగే గొంతులు ఉంటే అది సరిదిద్దబడుతుందని కూడా తెలుస్తుంది.

జాలి కూడా ఒక సరుకే

మళ్లీ తుర్కయాంజాల్ వీడియో దగ్గరికి వద్దాం. మొగులయ్య బొమ్మ రెండుసార్లు వైరల్ అయింది. ఒకసారి కిన్నెరతో, ఒకసారి కూలి పనితో. రెండుసార్లూ వీక్షణలు వేరేవాళ్ల పేజీలకు పోయాయి. మొదటిసారి ఆయన కళ సరుకు, రెండోసారి ఆయన కష్టం సరుకు.

'బలగం' సినిమా విషయంలోనూ ఇదే చూశాం. 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమా చివర బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాట రాష్ట్రమంతటినీ ఏడిపించింది. ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. కొద్ది రోజులకే మొగిలయ్య డయాలసిస్ వార్తలు మొదలయ్యాయి. సాయం చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం. 2024 డిసెంబర్‌లో ఆయన కన్నుమూశారు. కళాకారుడు వార్తల్లోకి రావాలంటే సినిమాలో పాడాలి, లేదా మంచాన పడాలి అన్నట్టుంది పరిస్థితి. ఈ రెంటి మధ్య ఉన్న మామూలు రోజులకు, అంటే బియ్యం, మందులు, ఇంటి కిరాయి ఉండే రోజులకు, ఏ ఏర్పాటూ లేదు.

మన చేతిలో ఉన్న పని

కందుకూరు, ఇబ్రహీంపట్నం, యాచారం ఊళ్లలో ఈ రోజు డప్పు దళాలకు వాట్సాప్ స్టేటసే విజిటింగ్ కార్డు. పెళ్లి బరాత్‌లో డీజే ముందు దళం ఆడుతుంటే పది ఫోన్లు లేస్తాయి. ఆ రీళ్లు పెళ్లివాళ్ల పేజీలో, ఫొటోగ్రాఫర్ పేజీలో, డీజే పేజీలో ఉంటాయి. దళం పేరు మాత్రం చాలాసార్లు ఎక్కడా ఉండదు. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర పాడిన పాటలకూ అదే గతి. ఇక్కడ చదువుకున్న పిల్లలు, సంఘాల కార్యకర్తలు చేయగలిగిన పని చాలా ఉంది, అదీ పెద్ద ఖర్చు లేకుండా.

దళానికి ఒక పేరు, ఆ పేరు మీద ఒక చానెల్, దానికి ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉండాలి. పాస్‌వర్డ్ వీడియో తీసే కుర్రాడి దగ్గర ఒక్కడి దగ్గరే ఉండకూడదు. ప్రతి వీడియో కింద పాడినవాళ్ల పేరు, వాయించినవాళ్ల పేరు, ఊరి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయాలి. రేపు వివాదం వస్తే తేదీతో సహా నిలబడే సాక్ష్యం అదే. స్టూడియోకో సినిమాకో పాడే ముందు తెలుగులో ఒక పేజీ ఒప్పందం ఉండాలి. పేరు ఎక్కడ వేస్తారు, రాయల్టీ సంగతి ఏంటి, మా పేజీలో పెట్టుకోవచ్చా అనే మూడు ప్రశ్నలకైనా అందులో జవాబు ఉండాలి. న్యాయశాస్త్రం చదివే మన విద్యార్థులు ఇలాంటి నమూనా పత్రం ఒక్కటి తయారుచేస్తే వందల మందికి పనికొస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారులకు జీతాలిచ్చింది, నిజమే. కానీ ఎక్కువగా పథకాల ప్రచారం పాడించింది. అది ప్రభుత్వం తన ముద్ర కోసం చేసుకున్న పని. డక్కలి, బుడగ జంగం, చిందు, మాస్టి కళాకారుల పాటలను వాళ్ల పేర్ల మీదే నమోదు చేసి, హక్కు పత్రం వాళ్ల చేతికే ఇచ్చే పని ఇంకా మిగిలి ఉంది. గౌరవ వేతనం ఎవరి దయా కాకుండా, ప్రభుత్వాలు మారినా ఆగని హక్కుగా ఉండాలి.

సోషల్ మీడియా మన పాటకు గేట్లు తెరిచిందనడంలో అబద్ధం లేదు. అగ్రహారం దాటనివ్వని గొంతు ఈ రోజు అమెరికాలో వినిపిస్తోంది. కానీ వినిపించడం ఒకటి, దక్కడం ఇంకొకటి. రేపు ఏ కళాకారుడి వీడియో వైరల్ అయినా మనం పంచుకునే ముందు ఒక్క సంగతి చూద్దాం. ఆ వీడియో ఎవరి పేజీలో ఉంది? పాడినవాళ్లకు సొంత పేజీ ఉంటే అక్కడి నుంచే పంచుకుందాం. లేకపోతే పెట్టించే పని మన మీద వేసుకుందాం.