హెచ్చరిక: ఆగిన గోల్ఫ్ కార్ట్ సీటు ఎత్తే ముందు

అమెరికాలో జార్జియా, ఫ్లోరిడా, టెక్సాస్ వైపు స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో గోల్ఫ్ కార్ట్ మామూలు బండైపోయింది. అట్లాంటాకు దక్షిణాన ఉన్న పీచ్‌ట్రీ సిటీలో ఈ బండ్లు తిరిగే దారులే సుమారు 160 కిలోమీటర్లు. కొత్తది ఖరీదు కాబట్టి చాలామంది పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన పాతది కొంటారు. చలికాలమంతా గరాజులో పడి ఉన్న ఆ బండి ఎండలు మొదలయ్యేసరికి కదలనని మొరాయిస్తుంది. ఇంటాయన సెలవురోజు చూసుకుని సీటు ఎత్తుతాడు, పానా అందుకుంటాడు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

పెడల్ తొక్కితే కదలనంత మాత్రాన బండిలో కరెంటు లేదనుకోకండి. సీటు కింద ఆరు 6 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటే 36 వోల్టులు. 8 వోల్టులవి ఆరో, 6 వోల్టులవి ఎనిమిదో ఉంటే 48. ‘ఇంత తక్కువ వోల్టేజీ ఏం చేస్తుందిలే’ అని చదువుకున్నవాళ్లే తేలిగ్గా తీసుకుంటారు. షాక్ సంగతి అలా ఉంచండి, షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. పానా ఒక కొస ఒక టెర్మినల్ మీద ఉండగా రెండో కొస పక్క టెర్మినల్‌కు తగిలిందా, ఇనుము ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోతుంది. వేలి ఉంగరమో చేతి గడియారమో మధ్యలో ఇరుక్కుంటే చర్మం మీదే కాలుతుంది. కాశీదారం ఉన్నా ఫర్వాలేదు, రాగి కడియం మాత్రం తీసి పక్కన పెట్టండి. పానాకు కొన వదిలేసి మిగతా అంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

రెండో శత్రువు కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. ఛార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. తలుపులు మూసిన గరాజులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, తెల్లారగానే సీటెత్తి కేబుల్ పీకడం కొరివితో తల గోక్కోవడమే. పగిలిన బ్యాటరీ నుంచి మొహం మీదికి చిమ్మేది సల్ఫ్యూరిక్ యాసిడ్. పని మొదలుపెట్టే ముందు గరాజు తలుపు పైకెత్తి కాసేపు వదిలేయండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

అన్నిటికంటే భయపెట్టేది ‘తెలిసినవాళ్ల’ సలహా. పెడల్ తొక్కితే టక్‌మని చప్పుడొచ్చి బండి కదలకపోతే, మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడ్ మీది రెండు పెద్ద బోల్టులనూ స్క్రూడ్రైవర్‌తో కలిపి చూడమంటారు. ఆ పని చేయవద్దు. రెసిస్టర్ కాయిళ్లతో నడిచే పాతకాలపు బండైతే ముందు నిలబడ్డ మనిషి మీదికే దూకగలదు. కంట్రోలర్ ఉన్న బండైతే ఆ ఒక్క రవ్వకే కంట్రోలర్ కాలిపోవచ్చు. వెనక చక్రాలు గాల్లోకి లేపి పెడల్ అదిమి పట్టడమూ అంతే. పాత బండ్లలో ఎక్కువగా ఉండే సిరీస్ మోటారు, బరువు లేనప్పుడు అదుపు లేకుండా వేగం అందుకుని పాడైపోతుంది.

నిజానికి చాలా బండ్ల జబ్బు చిన్నదే. ఛార్జర్ ప్లగ్గు ఇంకా తగిలించే ఉందేమో, నడపడానికి ‘రన్’, లాక్కెళ్లడానికి ‘టో’ అని మార్చే రన్-టో స్విచ్ టో వైపు ఉందేమో చూడండి. అవి కాకపోతే ఆ స్విచ్‌ను టోలో పెట్టి, తాళం చెవి తీసేసి, చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టి టెర్మినళ్లు పరిశీలించండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టిందంటే తేడా అక్కడే ఉండవచ్చు. ఏ కేబులైనా విప్పాల్సి వస్తే ముందు మొత్తం వరసకు చివరనున్న నెగటివ్ కేబుల్ తీయాలి. తీశాక కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో ఛార్జి కొంతసేపు నిలిచే ఉంటుంది.

మల్టీమీటర్ ఉంటే చాలావరకు తేలిపోతుంది. పూర్తిగా ఛార్జై, కొన్ని గంటలు కదలకుండా ఉన్న 48 వోల్టుల వరస దాదాపు 51 చూపాలి, 36 వోల్టులది 38 దాటాలి. ఒక్కో బ్యాటరీ విడిగా కొలవండి. మిగతావాటికంటే బాగా దిగిపోయిన ఒక్కటి వరస మొత్తాన్నీ కిందికి లాగుతుంది. వరస మరీ దిగిపోతే చాలా ఛార్జర్లు అసలు మొదలే కావు. ఛార్జర్‌ను ఏమార్చే చిట్కాలు మెకానిక్‌కు వదిలేయండి. ఛార్జి లేని బ్యాటరీ చలికి గడ్డకడుతుంది, గడ్డకట్టినదానికి ఛార్జింగ్ పెడితే పేలవచ్చు. లిథియం బ్యాటరీలు వేయించుకున్నవారు పాత లెడ్ యాసిడ్ ఛార్జర్‌ను వాటి దగ్గరికి రానివ్వకండి.

ఇక్కడ మన గోల్ఫ్ మైదానాల్లో, రిసార్టుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో తిరిగే బండ్లకూ ఇదంతా వర్తిస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని బ్యాటరీ విప్పే మెకానిక్‌ను మన ఊళ్లలో ఎంతమంది చూశారు? యజమానులు ఆ అద్దాలు కొనివ్వాలి, పెట్టుకునేదాకా పని మొదలుపెట్టనివ్వకూడదు.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, ముట్టుకోలేనంత వేడిగా ఉన్నా అక్కడితో ఆపి పిల్లల్ని దూరంగా పంపేయండి. నేల మీద యాసిడ్ ఒలికితే వంటసోడా చల్లండి. కంట్లో పడితే సోడా గీడా వద్దు. కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్లు పోస్తూనే అమెరికాలో 911కు, ఇక్కడ 108కు పక్కవాళ్లతో ఫోన్ చేయించండి.