గ్యాసు బీమా మనకూ ఉంది

ఇంటికి బీమా అంటే "మనది అద్దె ఇల్లు, మనకెందుకమ్మా!" అనుకుంటాం. కానీ అమీర్‌పేటలో రెండు గదుల వాటాలో ఉండే ఇల్లాలికి కూడా ఒక బీమా ఉంది, తెలుసా? అది గ్యాసు కనెక్షనుతో పాటే వస్తుంది. మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు, ఆయిల్ కంపెనీలే కడతాయి. సిలిండరు వల్ల ప్రమాదం జరిగి ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు, ఇల్లు దెబ్బతింటే 2 లక్షల దాకా ఇస్తారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇంటి నష్టానికి డబ్బు రావాలంటే ప్రమాదం గ్యాసు పుస్తకంలో ఉన్న చిరునామాలోనే జరిగి ఉండాలి. పంజాగుట్ట, అమీర్‌పేటల్లో తరచూ ఇళ్ళు మారేవాళ్ళు ఎంతమందో! సామాన్లతో పాటు సిలిండరునూ ఆటో ఎక్కిస్తారు గానీ చిరునామా మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతుంది. ఇల్లు మారగానే ఏజెన్సీకి వెళ్ళి మార్పించుకోండి.

రెండోది తనిఖీ. ఐదేళ్ళకోసారి ఏజెన్సీ మెకానిక్ వచ్చి చూడాలి. "వంటలో ఉన్నాను, తర్వాత రా బాబూ" అని పంపేయకండి. గుర్తింపు కార్డు చూసి లోపలికి రానివ్వండి. ట్యూబు మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మార్చేయాలి. స్టవ్వు గట్టు మీద, సిలిండరు కింద నిలబెట్టి ఉండాలి. అతను రాసిచ్చిన కాగితం గ్యాసు పుస్తకంలోనే దాచుకోండి. రేపు అవసరం పడితే మన తరఫున సాక్ష్యం అదే.

వాసన వస్తే స్విచ్చిలు ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. ప్రమాదమే జరిగితే ఆలస్యం చేయకుండా ఏజెన్సీకి కాగితం మీద రాసివ్వండి. బీమా పని అక్కడి నుంచే మొదలవుతుంది.