నల్ల తెర చూసి తొందరపడి తీర్పు చెప్పకండి

ఈ వారం మన ఇళ్లలో జరుగుతున్న ఒక సంగతి మాట్లాడుకుందాం.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి గనుక చాలా పాత కంప్యూటర్లు దానికి సరిపోవు. అందుకే కొందరు పిల్లలు పాత కంప్యూటర్లో లైనక్స్ వేస్తున్నారు. మంచి పనే. అయితే ఒక్కోసారి ఇన్‌స్టాల్ సవ్యంగా ముగిసి, రీస్టార్ట్ చేయగానే నల్ల తెర మీద బూట్ అయ్యే డిస్కు దొరకలేదన్న మాట వస్తుంది. వెంటనే ఇంట్లో "డిస్కు పోయింది" అని ఒకరు, "మళ్లీ ఫార్మాట్ కొట్టండి" అని ఇంకొకరు అంటారు. రెండూ తొందరపాటు మాటలే అని నా అభిప్రాయం.

ఎందుకో గమనించండి. పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డు మీది చిన్న ప్రోగ్రామ్ మేలుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ కోసం వెదుకుతుంది. పాత లెగసీ పద్ధతి అయితే డిస్కులోని మొదటి 512 బైట్లతో మొదలుపెడుతుంది. కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి అయితే దానికని కేటాయించిన చిన్న పార్టిషన్‌లో చూస్తుంది. ఒక పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి మరో పద్ధతిలో స్టార్ట్ చేస్తే, సిస్టమ్ క్షేమంగా ఉన్నా దొరక్కపోవచ్చు. ఇంట్లో మనిషి ఉన్నాడు, మనం తట్టిన తలుపే వేరు.

కాబట్టి వరుసగా చూడండి. పెన్‌డ్రైవ్ ఇంకా పెట్టే ఉందా? తీసేయండి. స్టార్ట్ అవుతుండగా ఎఫ్2 గాని డిలీట్ గాని నొక్కి సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆ కీ కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ డిస్కు పేరు కనబడకపోతే, కరెంటు తీసేసి కేబుళ్లు చూడండి. కనబడితే, బూట్ వరుసలో అది ముందుందో లేదో, పద్ధతి లెగసీయో యూఈఎఫ్ఐయో చూడండి. తేదీ ఎప్పుడో పాత సంవత్సరానికి పోయి ఉంటే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి, సెట్టింగులు చెరిగిపోయి ఉండవచ్చు. మార్చేముందు ఉన్నదాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

ఇంత ఓపిక దేనికని అడుగుతారేమో. విండోస్‌ను ఉంచి దాని పక్కనే లైనక్స్ వేసినప్పుడు, పాత ఫైళ్లు అదే డిస్కులో ఉంటాయి. పెళ్లి ఫొటోలు, ఇప్పుడు లేని అమ్మ గొంతు, మందిరం లెక్కలు అందులోనే ఉండవచ్చు. డిస్కంతా ఫార్మాట్ కొడితే వాటిని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. లైనక్స్ పెన్‌డ్రైవ్‌లలో చాలావాటిని ఇన్‌స్టాల్ చేయకుండానే నడపవచ్చు. అలా నడిపి, ముందు ఆ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.

నిజంగా పాడైన డిస్కులూ ఉంటాయి. లోపల టకటక శబ్దం వస్తుంటే వెంటనే ఆపి తెలిసినవారికి చూపించండి. కాని ఒక్క సెట్టింగు సరిచేస్తే పోయేదానికి, కూలి డబ్బుతో కొత్త డిస్కు కొనడం సబబు కాదు.

ఇంకొక్క మాట. ఆ పని చేసిన పిల్లవాణ్ణి "పాడు చేశావు" అని నలుగురిలో తిట్టకండి. పక్కన కూర్చుని, తెర మీద ఏం రాసి ఉందో చదివి చెప్పమనండి. మరమ్మతు అక్కడే మొదలవుతుంది.