ఇంటిలోని గంజాయి తోట

గంజాయిని నిరసించి వ్రాయబూనిన మన పూర్వసంస్కర్తల కన్నులకు కట్టినవి బైరాగుల మఠములు, ఊరి వెలుపలి మఱ్ఱిచెట్ల నీడలు, ఎఱ్ఱగా కాలు చిలుములు. చదువుకొన్నవారి యిండ్లకు ఆ పొగ రాదనియే వారి ధైర్యము. నేడు ఆ ధైర్యమునకు తావు లేదు. గంజాయిమొక్క మఱ్ఱిచెట్టు క్రిందినుండి లేచి, మేడమెట్లెక్కి, తలుపు మూసిన పడకగదిలో కుండీలో కూర్చున్నది. దానికి కావలి కాయుచున్నవాడు బైరాగి కాడు, పట్టభద్రుడు.

ఇటీవల బంధువుల యింట వివాహమునకు పోయినప్పుడు, కాలిఫోర్నియానుండి సెలవులకు వచ్చిన యువకుడొకడు మాతో ఈ విషయమును దాపఱికము లేక ముచ్చటించెను. "బాబాయిగారూ, మీరు పెరటిలో మల్లెతీగను పెంచినట్లే నేను గదిలో ఈ మొక్కను పెంచుచున్నాను. ఇంటికి ఆరు మొక్కలవరకు అక్కడి చట్టమే ఒప్పుచున్నది. అందులోను నాది త్వరగా కోతకు వచ్చు సామాన్యజాతి కాదు; పదునాలుగు వారములు పూతమీద నుండు సటైవా. దానికెంత యోర్పు కావలయునో మీకు తెలియదు" అని కొంత గర్వముతోనే చెప్పెను. వినుచున్న కుఱ్ఱవారి కన్నులలో మెఱపు చూచితిమి. హైదరాబాదులో ఇట్టిది సాధ్యమగునా యని వారిలో నొకడు మెల్లగా అడిగెను. ఆ ప్రశ్నయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ఆ యువకుని వాదమును మేము వక్రీకరింపము. అతడు చెప్పినవి మూడు మాటలు. ఇది ప్రకృతి యిచ్చిన మొక్క యనునది మొదటిది. మూసిన గదిలో పెంచుకొన్నచో పరులకు నష్టము లేదనునది రెండవది. దీర్ఘకాలము పూయు జాతిని పెంచుట ఓర్పు నేర్పు గల కళ యనునది మూడవది. వినుటకు మూడును సొంపుగా నున్నవి. విచారించినచో మూడింటిలో నొక్కటియు నిలువదని మా వాదము.

మొదటి మాటను పరీక్షింతము. గంజాయిమొక్క సాధారణముగా రాత్రి దీర్ఘమైనగాని పూయదు. పగటి వెలుగును కుదించినచో గంజాయి, హాప్సు మొక్కలు వేళకు ముందే పూయునని 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు టూర్న్వా గమనించెను. 1920లో అమెరికాలో గార్నరు, అలార్డు అను నిరువురు పొగాకు మొదలగు మొక్కలయందు ఈ ధర్మమును విస్తరించి స్థాపించిరి. ఇక దేశభేదమును చూడుడు. విశాఖపట్టణమున ఏడాదిలో నెల్ల దీర్ఘమైన పగలు పదమూడు గంటలకు కొంచెమే మించును. ఆమ్‌స్టర్‌డాము నగరమున అది పదునారున్నర గంటలను దాటును. ఉష్ణదేశములలో పగలు రాత్రులకు పెద్ద భేదము లేదు, మంచు కురిసి చంపునను భయమును లేదు. కావున అక్కడి జాతులు తొందర యెఱుగక, పండ్రెండు మొదలు పదునాఱు వారములవరకు నెమ్మదిగా పూయును. ఆఫ్గను కొండలయందలి జాతులో, చలి రాకమునుపే ముగింపవలయును గనుక సుమారు ఎనిమిది వారములలో పని ముగించును.

ఇట్టి ఉష్ణదేశపు మొక్కను ఉత్తరదేశమున ఆరుబయట నాటినచో, రాత్రులు దానికి తగినంత పెరుగునాటికి శరత్కాలము వచ్చును. మొగ్గ పండకమునుపే చలి దానిని చంపును. దానికి తోడు పోలీసుల భయము. అందువలన అక్కడివారు దానిని గదిలోనికి తెచ్చిరి. హేజ్ అను పేరుతో ప్రసిద్ధికెక్కిన దీర్ఘపుష్పజాతి ఇట్టివానిలో నొకటి. దాని పూర్వీకులలో కొలంబియా, మెక్సికో, థాయిలాండు మొక్కలతోపాటు మన దక్షిణదేశపు మొక్కయు నున్నదని దానిని పెంచువారే చెప్పుకొందురు.

ఆ గది యెట్లుండునో తలచుకొనుడు. కిటికీకి నల్లగుడ్డ. నెత్తిమీద పండ్రెండు గంటలు మండు దీపము. పిమ్మట పండ్రెండు గంటలు కటికచీకటి. గాలికొక యంత్రము, తేమ తీయుట కొకటి, ప్రక్కింటివారికి వాసన పోకుండుట కొకటి. ఆకాశమంత యెత్తుగా సాగదలచిన కాండమును వంచి, త్రాళ్లతో కట్టి, మూరెడు జాగాలో అణచుట. గింజ పట్టకుండ మగమొక్కను పెఱికివేసి, ఆడుమొక్కను ఫలింపనీయక మూడునెలలకు పైగా పూయించుచు నుండుట. పగలు కృత్రిమము, రాత్రి కృత్రిమము, ఋతువు కృత్రిమము, వంధ్యత్వము కృత్రిమము. ఇందు ప్రకృతి యిచ్చినదేది? తుదకు పేరును సరియైనది కాదు. 1785లో లామార్కు పండితుడు ఇండికా యని పేరిడినది హిందూదేశమునుండి పోయిన మొక్కకే. నేడో, ఆ సన్నని యాకుల జాతినే పెంపకందార్లు సటైవా యనుచున్నారు. ఈ రెండు పేర్లును మొక్కల వంశమును సరిగా తెలుపవని 2015లోను, 2021లోను జరిగిన జన్యుపరిశోధనలు చూపినవి.

ఇచ్చట మన ప్రతివాదులు 1893లో దొరతనమువారు నియమించిన గంజాయి విచారణసంఘమును సాక్ష్యమునకు పిలుతురు. పిలువవలసినదే. వేయికి పైగా సాక్షులను విచారించి ఆ సంఘము 1894లో నివేదిక నిచ్చినది. మితముగా వాడువారికి చెప్పుకోదగిన కీడు లేదని అందు గలదు. అమితముగా వాడినచో దేహమునకును మనస్సునకును హాని యనియు అందే కలదు. తీర్పులో సగమును వల్లించి సగమును దాచువాడు న్యాయవాది కావచ్చును గాని సత్యవాది కాజాలడు. ఇక మితమను మాటకు నేడు అర్థమేమి? అమెరికా ప్రభుత్వమువారు పట్టుకొన్న గంజాయిలో మత్తుపదార్థము 1995లో నూటికి 4 పాళ్లుండగా 2014 నాటికి సుమారు 12 పాళ్లయ్యెను. నూటికి 10 పాళ్లు మించిన సరకును నిత్యము వాడువారిలో ఉన్మాదరోగము, ఎన్నడును వాడనివారికంటె సుమారు అయిదు రెట్లు అధికముగా కనబడినదని 2019లో ఐరోపా, బ్రెజిలు నగరములలో జరిగిన పరిశోధన తెలిపెను. వాడినవారందఱును పిచ్చివారగుదురని మేమనము. తన మతి యే వైపున నున్నదో ముందుగా నెఱుగని పదునెనిమిదేండ్ల బాలుడు ఈ జూదమాడరాదని మాత్రము గట్టిగా ననుచున్నాము.

రెండవ మాట: పరులకు నష్టము లేదట. లెక్క వేయుదము. పదునాలుగు వారములు, దినమునకు పండ్రెండు గంటలు, అనగా 1,176 గంటలు. ఆరువందల వాట్ల దీపమొక్కటి అంతకాలము మండినచో 705 యూనిట్ల విద్యుత్తు హరించును. ఎనిమిది వారముల జాతికి అదే దీపము 403 యూనిట్లతో సరిపెట్టుకొనును. దీర్ఘపుష్పమను గొప్పకు తక్కినదంతయు అదనపు సుంకము. మొక్క పెరుగునప్పటి వెలుగు, గాలియంత్రములు, మన యెండలలో ఆ గదిని చల్లబఱచు ఖర్చు ఇందు చేరలేదు. పేదయింటి పిల్లవాడు తొమ్మిది వాట్ల దీపము క్రింద రాత్రికి నాలుగు గంటలు చదువుకొనునని తలంపుడు. ఆ 705 యూనిట్లతో నూరిండ్ల పిల్లలు ఆరు నెలలకు పైగా చదువుకొనవచ్చును. క్రొత్తరకపు దీపములు కొంత తక్కువ హరించునన్న నిజమును మేము కాదనము, నిష్పత్తి మాఱదు.

ఇది మా యూహ మాత్రమే కాదు. అమెరికాలో గదులలోని గంజాయిసాగు ఆ దేశపు విద్యుత్తులో నూటికొక పాలు మ్రింగుచున్నదని ఇవాన్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు 2012లో లెక్కగట్టెను. కిలో యెండుపూవుకు, ప్రదేశమునుబట్టి, 2,283 మొదలు 5,184 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానమైన కాలుష్యము గాలిలో కలియునని 2021లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గుమంటనుండియే వచ్చుచున్నది. రామగుండమున బూడిద నెవరో పీల్చుచుండగా, భాగ్యనగరమున మూసిన గదిలో ఒకని పూవు విచ్చుచున్నది. ఆ గదికి తలుపున్నది గాని, దాని పొగగొట్టము పరుల యింటిలో నున్నది.

ఇంకొక వింత చూడుడు. ఆమ్‌స్టర్‌డామువాడు సూర్యుడు లేక దీపమును వెలిగించెను. మన సీమలో ఆ మొక్కకు కావలసిన సూర్యుడు గోడ కవతలనే యున్నాడు. అతనిని నల్లగుడ్డతో కప్పి, లోపల వేఱొక సూర్యుని వెలిగించుట దేనికి? చట్టమునకు వెఱచి. 1985 నాటి మత్తుపదార్థముల చట్టము ఇరువదవ సెక్షను ప్రకారము గంజాయిమొక్కను పెంచుట పదేండ్లవరకు కఠినశిక్షకును, లక్ష రూపాయలవరకు జరిమానాకును పాత్రము. సొంతమునకని పెంచినను శిక్ష తప్పదు. ఇరువదియైదవ సెక్షను మన గృహిణులు మఱింత శ్రద్ధగా వినదగినది: ఇట్టి పని జరుగుచున్నదని తెలిసియు తన యింటిని వాడనిచ్చిన వారికిని ఆ నేరపు శిక్షయే. కొడుకు గదిలో నల్లగుడ్డ చూచి, "వాని సరదా వానిది, పోనిమ్ము" అని వాకిలి మూసిన తల్లి, తన ప్రేమనే తనపై సాక్ష్యముగా వ్రాసికొనుచున్నది.

విదేశములలోని మనవారికొక మాట. రాష్ట్రచట్టము ఒప్పినంతమాత్రమున గండము గడచినదనుకొనరాదు. అచ్చట గంజాయితో సంబంధము, రాష్ట్రమున చట్టసమ్మతమైనను, పౌరసత్వము కోరువాని సత్ప్రవర్తనకు భంగముగా నెంచబడవచ్చునని సమాఖ్యాధికారులు 2019లోనే స్పష్టపఱచిరి. థాయిలాండు 2022 జూనులో ఈ మొక్కను నిషిద్ధముల జాబితానుండి తీసివేసెను. 2025 జూనులో వైద్యుని చీటి లేనిదే పూవు అమ్మరాదని మరల కట్టుదిట్టము చేసెను. ఈ నడుమ బ్యాంకాకునుండి వచ్చినవారి పెట్టెలలో దీపముల క్రింద పెంచిన గంజాయి శంషాబాదు విమానాశ్రయమున పట్టుబడినట్లు పలుమాఱు పత్రికలలో చదివితిమి. ఒక దేశపు చట్టమును పెట్టెలో పెట్టుకొని వేఱొక దేశమునకు తెచ్చుకొనుట సాధ్యము కాదని ఆ పిల్లలకు విమానము దిగినపిదపనే తెలిసినది.

మేము చట్టమును దేవతగా కొలుచువారము కాము. గదిలో దీపము పెట్టించినది నిషేధమే యను వాదమున కొంత సత్యము కలదు. ఈ నిషేధపు బరువు అందఱిపై సమముగా పడుట లేదనియు మేమెఱుగుదుము. 2021లో విశాఖ మన్యమున పోలీసులు పరివర్తన మను పేరుతో పూనిన కార్యక్రమమున వేలకొలది యెకరముల గంజాయి పైరు నఱకివేయబడెను. మంచిదే. కాని ఆ పైరు వేసిన గిరిజనుడు వేఱు పంటకు వెల లేక, పైదేశపు వర్తకుడు ముందుగా నిచ్చిన రొక్కమునకు లొంగి వేసెను. అతడు ఆకలికి చేసినదానిని మేడమీది విద్యావంతుడు వినోదమునకు చేయుచున్నాడు. మొదటివాడు జైలున కుండగా రెండవవానిని కళాకోవిదుడని మెచ్చుకొనుటకు మా నోరు రాదు. చట్టమును మార్పవలయునని నమ్మువారు వెలుగులో నిలిచి వాదింతురు గాక, మేమును విందుము. నల్లగుడ్డ వెనుక దాగినవాడు మాత్రము తాను స్వాతంత్ర్యయోధుడనని చెప్పుకొనరాదు.

ఇక మూడవ మాట, ఓర్పు. దీనికే మేము మిక్కిలి వగచుచున్నాము. ఏలయన, ఆ యువకుడు చెప్పినది అబద్ధము కాదు. పదునాలుగు వారములు దినదినము నీరు కొలిచి, ఆకు తిరుగవేసి చూచి, వేళ తప్పక దీపమార్పి, పురుగును బూజును కనిపెట్టుచుండుట సామాన్యుల వలన కాదు. అట్టి శ్రద్ధ మన యువకులలో నున్నదని తెలిసి మేము సంతోషింపవలసినవారము. ఆ శ్రద్ధకు ఫలమేమని యడుగుచున్నాము. అంటుమామిడి నాటినవాడు అయిదేండ్లు కాచుకొనును; కాచిన పిదప వీథివారందఱును తిందురు. మల్లెతీగకు పందిరి వేసినవాని యింట సాయంకాలము ఆడపిల్లల జడలు చెప్పును వాని యోర్పు ఎట్టిదో. మూడు నెలల తపస్సు చేసి, తుదకు తలుపు గడియ వైచికొని తానొక్కడే కాల్చివేయు పూవును పెంచినవానికి మిగులునది బూడిద, విద్యుత్తు బిల్లు, ఎవరైన తలుపు తట్టుదురేమో యను దడ.

తల్లిదండ్రులారా, మీ యింట నిట్టి గది యున్నచో అరచి అల్లరి చేయకుడు. చూడనట్లు నటింపనును వలదు. గడియ తీయించుడు. లెక్క చూపుడు. అలవాటు ముదిరినచో వైద్యునికడకు తోడుకొని పొండు. చిన్నమొత్తముతో దొరకిన వ్యసనపరుడు స్వయముగా చికిత్స కోరినచో అభియోగమునుండి తప్పించు వెసులుబాటు ఆ చట్టముననే కలదు. ఆ పిమ్మట, మొక్కలను పెంచు ఆ నేర్పుగల చేతులకు పెరటిలో నింత చోటు చూపుడు. పెరడు లేనిచో మేడమీద నాలుగు కుండీలుంచుడు. దీపము వలదు. మన సీమలో సూర్యుడు యూనిట్ల లెక్క కట్టడు.